పాత మిద్దె ఇంటికి బీమా: ప్రీమియంలో అంత తేడా ఎందుకు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర మీ తాతగారు 1962లో కట్టించిన మిద్దె ఇల్లు ఉంది. ఇంటికీ, సామాన్లకూ కలిపి బీమా చేయిద్దామని ఇద్దరు ఏజెంట్లను అడిగితే ఒకరు చెప్పిన ప్రీమియం ఇంకొకరిదానికి ఏడెనిమిది రెట్లు ఉంది. ఇల్లు పాతది కాబట్టే అంత అడుగుతున్నారా, సామాన్లకు వేరే కట్టాలా అని అడిగారు. చిత్తూరు మిట్టూరులో మా అమ్మ ఉంటున్న ఇల్లు కూడా దాదాపు ఆ కాలందే. 2021 నవంబరు వానల తర్వాత దానికి పాలసీ తీసుకున్నాం. తర్వాత ఒక క్లెయిమ్ కూడా నడిపించాం. ఆ అనుభవంతో రాస్తున్నాను.

ఆ రెండు కొటేషన్లనూ పక్కపక్కన పెట్టుకుని ప్రీమియం అంకె వదిలేయండి. ఇంటికి ఎంత సమ్ ఇన్సూర్డ్ (అంటే ఎంత మొత్తానికి బీమా చేస్తున్నారన్నది) వేశారో చూడండి. నా అంచనా, ఎక్కువ చెప్పిన ఏజెంటు మీ ఇంటి మార్కెట్ ధర వేసి ఉంటారు. గుడి చుట్టుపక్కల వీధుల్లో ధర అంటే అందులో సింహభాగం స్థలానిదే. స్థలం అగ్నికి కాలిపోదు, వరదకు కొట్టుకుపోదు. దానికి బీమా అక్కర్లేదు. ఇల్లు పూర్తిగా పడిపోతే ఈనాటి ధరల్లో మళ్లీ కట్టడానికి ఎంతవుతుందో అంతకే బీమా.

2021 ఏప్రిల్ 1 నుంచి ఇళ్లకు 'భారత్ గృహ రక్ష' అనే ప్రామాణిక పాలసీ ఉంది. బీమా కంపెనీలను నియంత్రించే సంస్థ ఐఆర్‌డీఏఐ రూపొందించింది. ఇళ్లకు అగ్ని బీమా చేసే సాధారణ బీమా కంపెనీలన్నీ దీన్ని ఇవ్వాలి, షరతులు అన్ని చోట్లా ఒకటే, రేటు మాత్రం ఎవరిది వారిది. ఇందులో ఇంటి విలువ లెక్క చాలా సూటిగా ఉంటుంది: కార్పెట్ ఏరియాను, అంటే గోడల మందం వదిలేసి లోపలి నేల వైశాల్యాన్ని, ఇప్పటి నిర్మాణ ఖర్చుతో గుణించడమే.

మన వైపు ఇక్కడో చిక్కు ఉంది. పాత దస్తావేజుల్లో కొలతలు అంకణాల్లో ఉంటాయి, కంపెనీ అడిగేది చదరపు మీటర్లలో. మన దగ్గర అంకణం అంటే 36 చదరపు అడుగులు, కాబట్టి 25 అంకణాల కట్టడం అంటే 900 చదరపు అడుగులు. కానీ అది బయటి కొలత. పాత మిద్దెల్లో గోడలు అడుగున్నర మందం దాకా ఉంటాయి. లోపల గోడ నుంచి గోడకు టేపు పెట్టి కొలిస్తే 700 చదరపు అడుగులే తేలవచ్చు, అంటే సుమారు 65 చదరపు మీటర్లు. దస్తావేజులోని అంకె రాసేయకుండా మేస్త్రిని పిలిపించి కొలిపించండి. చదరపు అడుగుకు ఎంతవుతుందో ఆయన్నే అడగండి. టేకు ద్వారబంధాలు, చెక్క స్తంభాలు ఉంటే అవి కూడా కలిపి చెప్పమనండి. ప్రహరీ గోడ, సెప్టిక్ ట్యాంకు, నీళ్ల ట్యాంకు, మిద్దె మీద సోలార్ ప్యానెళ్లు కూడా ఇంటి కిందికే వస్తాయి.

ఇప్పుడు మీ తేడా ఎలా వచ్చిందో చూడండి. మేస్త్రి 2,500 రూపాయలు చెప్పారనుకుందాం, 700 అడుగులకు పదిహేడున్నర లక్షలు. సామాన్లకు ఇంటి విలువలో 20 శాతం, అంటే మూడున్నర లక్షలు. మొత్తం 21 లక్షలు. కంపెనీ రేటు వెయ్యి రూపాయల సమ్ ఇన్సూర్డ్‌కు 30 పైసలు అనుకుంటే ఏడాదికి 630 రూపాయలు, 18 శాతం జీఎస్టీతో 743. అదే ఇంటికి మార్కెట్ ధర అని కోటిన్నర వేసి, సామాన్లకు 10 లక్షలు కలిపితే 4,800, జీఎస్టీతో 5,664. రేటు మారలేదు, ఇల్లు మారలేదు, ఏడున్నర రెట్లు వచ్చేసింది. 30 పైసలన్నది లెక్క చూపడానికి వేసుకున్న అంకె మాత్రమే, మీకు వేసిన రేటు కొటేషన్‌లో చూసుకోండి. ఎక్కువ సమ్ ఇన్సూర్డ్ పెడితే ఎక్కువ వస్తుందనుకోవద్దు. మళ్లీ కట్టడానికి అయ్యే ఖర్చును మించి ఏ కంపెనీ ఇవ్వదు.

మరి తక్కువ పెడితే? పాత తరహా అగ్ని బీమాలో అది పెద్ద దెబ్బ. 20 లక్షల ఇంటికి 10 లక్షలకే బీమా చేసి, 4 లక్షల నష్టం జరిగితే సగమే, 2 లక్షలే ఇచ్చేవారు. భారత్ గృహ రక్షలో ఇలా దామాషా ప్రకారం కోయడం తీసేశారు. నాకు ఈ పాలసీలో బాగా నచ్చిన మాట అదే. అయినా మొత్తం ఇల్లు పోతే మీరు పెట్టిన సమ్ ఇన్సూర్డ్ దాటి రాదు, అందుకని మరీ తగ్గించకండి. ఏటా రెన్యువల్ టెన్షన్ వద్దనుకుంటే ఒకేసారి పదేళ్ల వరకు తీసుకోవచ్చు. అప్పుడు సమ్ ఇన్సూర్డ్ అదనపు ప్రీమియం లేకుండా ఏటా 10 శాతం పెరుగుతూ పోతుంది. సిమెంటు, ఇనుము ధరలు చూస్తున్నాం కదా, పాత ఇంటికి ఇది చాలా ఉపయోగం.

ఇక ఇంటి వయసు. కట్టిన సంవత్సరం తప్పకుండా అడుగుతారు, కొన్ని కంపెనీలు ఫొటోలో, ఇంజనీరు సర్టిఫికెట్టో కావాలంటాయి. అయితే వయసుకంటే ముందు చూసేది గోడలూ పైకప్పూ దేంతో కట్టారని. చెక్క పలకలు, తాటాకు, బోద, వెదురు, టార్పాలిన్ లాంటివి ఉంటే అది కచ్చా కట్టడం. మీది ఇటుక గోడల మీద దూలాలు, దంతెలు వేసి, వాటి మీద ఇటుకలు పేర్చి సున్నంతో గచ్చు చేసిన మద్రాస్ టెర్రస్ అయి ఉంటుంది. ఫారంలో 'ఓల్డ్ హౌస్, ఉడెన్ రూఫ్' అని రెండు ముక్కలు రాసి పంపితే ఆఫీసులో కూర్చున్నవారికి చెక్క కప్పులాగే కనబడుతుంది. గోడలు దేనివి, పైన ఏముంది, కింద దూలాలు ఏ కలపవి అన్నది విడివిడిగా రాయించండి, ఫొటోలు జత చేయండి. పెరట్లో రేకుల వంటగదో బోద కొట్టమో ఉంటే అదీ దాచకుండా చెప్పండి.

సామాన్ల సంగతి. ఆ 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా, జాబితా ఇవ్వకుండానే వర్తిస్తుంది. ఫ్రిజ్, టీవీ, మంచాలు, బీరువాలు, బట్టలు, వంట సామాన్లు అందులోకి వస్తాయి. అంతకంటే ఎక్కువ ఉంటే విలువ చెప్పి పెంచుకోవాలి. నగలు, వెండి పూజా సామాన్లు, పురాతన విగ్రహాలు అందులోకి రావు, వాటికి విడిగా కవర్ తీసుకోవాలి. నగదు, దస్తావేజులు అసలు లేవు. ఇంకొకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి: ఈ పాలసీలో దొంగతనం అంటే అగ్నిప్రమాదం, వరద లాంటిది జరిగాక ఏడు రోజుల్లోపు జరిగిన దొంగతనమే. తాళం పగలగొట్టి ఎత్తుకుపోయే మామూలు దొంగతనానికి బర్గ్లరీ కవర్ వేరే కావాలి. పెద్దవాళ్లు పిల్లల దగ్గరికి బెంగళూరో చెన్నైయో వెళ్లి నెలల తరబడి తాళం వేసి ఉండే ఇళ్లు మన ఊళ్లలో ఎన్నో. అలాంటి ఇంటికి ఆ కవర్ తీసుకోండి, ఇల్లు ఖాళీగా ఉంటుందని కంపెనీకి ముందే రాసి పంపండి.

మా క్లెయిమ్ గురించి చెబుతాను, పాత ఇంటికి అసలు కిటుకు అక్కడే తెలిసింది. ఒక డిసెంబరులో ఎడతెరిపి లేని వానకు వీధి నీళ్లు ఇంట్లోకి వచ్చాయి. వెనక ప్రహరీ గోడ పడిపోయింది, పక్క గదిలో బీరువా, పరుపులు, వాషింగ్ మెషీన్ తడిసి పాడయ్యాయి. అదే వానకు వరండా కప్పు కుంగింది. నష్టం అంచనా వేసే సర్వేయర్ వచ్చి గోడకు ఒప్పుకున్నారు, సామాన్లకు ఒప్పుకున్నారు, శిథిలాలు తీయించిన ఖర్చు కూడా రాసుకున్నారు. వరండా దగ్గర మాత్రం దూలం చివర గోడలోకి దిగిన చోట గీకి చూపించారు. చెదలు తినేసి పొడిగా రాలింది. కప్పు కుంగింది వరదకు కాదు, ఏళ్ల తరబడి కారిన తేమకు, చెదలకు అని దాన్ని పక్కన పెట్టారు. అమ్మ చాలా బాధపడింది. కానీ పాలసీ ప్రకారం ఆయన చెప్పింది సరైనదే. అరుగుదల, నిదానంగా ఊరే తేమ, పాడుబడటం ఏ గృహ బీమాలోనూ రావు. పాత ఇంట్లో సగం నష్టాలు ఇలాంటివే.

అందుకే ప్రీమియంలో వంద, రెండు వందలు తగ్గించుకోవడానికి తిరిగేకంటే మిద్దె మీద పగుళ్లు పూడ్పించడం, దూలాల చివరలు చూపించడం, వైరింగ్ మార్పించడం ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను. 1962 నాటి వైర్ల మీద ఈనాటి ఏసీ, గీజరు నడుస్తుంటే భయమే కదా. షార్ట్ సర్క్యూట్‌తో మంటలు లేచి ఇల్లు అంటుకుంటే పాలసీ వర్తిస్తుంది, కానీ ఏ మెషీన్‌లో షార్ట్ అయిందో ఆ ఒక్క మెషీన్‌కు రాదు. ఈ మరమ్మతులు చేయించినప్పుడు బిల్లులు, ముందు, తర్వాత తీసిన ఫొటోలు దాచండి. మా సామాన్లలో చాలావాటికి బిల్లులు లేవు, పండక్కి ఇంట్లో తీసుకున్న ఫొటోలు, వీడియోలే సర్వేయర్‌కు చూపించాం, ఒప్పుకున్నారు.

వరద కవర్ తీసేసి ప్రీమియం తగ్గిస్తామని ఎవరైనా అంటే వద్దనండి. తుపాను, వరద, భూకంపం అన్నీ భారత్ గృహ రక్షలో మామూలుగానే ఉంటాయి. 2021 నవంబరులో తిరుపతిలో కాలనీలకు కాలనీలే నీట మునిగాయి, స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని ఊళ్లు ఖాళీ చేయించారు. అవన్నీ చూశాక ఆ కవర్ తీసేయడమేమిటి?

మీరు ప్రశ్నలో రాయలేదు కానీ గుడి దగ్గర ఇల్లు కాబట్టి అడుగుతున్నాను. ముందు గది దుకాణానికి ఇచ్చారా? మేడ మీద గదులు యాత్రికులకు రోజువారీ అద్దెకు ఇస్తున్నారా? ఇది నివాసానికి మాత్రమే ఉద్దేశించిన పాలసీ. వ్యాపారానికి వాడే భాగం ఉంటే ముందే చెప్పి దానికి వేరే పాలసీ తీసుకోవాలి. చెప్పకపోతే క్లెయిమ్ రోజున అదే మొదటి ప్రశ్న అవుతుంది.

ఇంటి పత్రాలు ఇంకా తాతగారి పేరు మీదే ఉన్నాయా అన్నది కూడా చూసుకోండి. మీ నాన్నగారు, చిన్నాన్నలు, అత్తలు అందరికీ హక్కున్న ఉమ్మడి ఇల్లైతే ఒక్కరి పేరుతో తీసుకోకుండా హక్కుదారులందరి పేర్లూ ప్రపోజల్‌లో (బీమా దరఖాస్తులో) రాయించండి. లీగల్ హైర్ సర్టిఫికెట్, పన్ను రసీదులు ఇప్పుడే ఒక ఫైలులో పెట్టి, స్కాన్ చేసి వేరే ఊళ్లో ఉన్న ఒకరి దగ్గర కూడా ఉంచండి. రెండు కొటేషన్లలో సమ్ ఇన్సూర్డ్ ఎంతెంత వేశారో, కార్పెట్ ఏరియా ఎంత తేలిందో ఇక్కడే రాస్తే లెక్క కలిసి చూద్దాం.