మంజీర బాతుల లెక్క: కొత్త బీట్ ఆఫీసరుకు పెదనాన్న ఉత్తరం

బిడ్డా సుజాతా,

ఆశీస్సులు. అటవీ శాఖలో నీకు మంజీర ఒడ్డున బీట్ ఇచ్చారని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. టిబెట్, మంగోలియా, లడఖ్ సరస్సుల దగ్గర పిల్లల్ని లేపిన పట్టీతల బాతులు (బార్-హెడెడ్ గూస్) చలి ముదరగానే హిమాలయాలు దాటి ఇటు దిగుతాయి. మార్చి వరకు వాటి బాగోగులు నీవే.

ముందు లెక్క సంగతి. ఇవి రాత్రి చేలల్లో మేసి, పగలు ఇసుక దిబ్బల మీద, నీటి అంచున సేదతీరుతాయి. కాబట్టి తెల్లారి తిరిగొచ్చి కుదురుకున్నాకే లెక్కపెట్టు. గుంపు పెద్దదైతే పది పక్షులు ఎంత జాగా పట్టాయో కంటికి అలవాటు చేసుకుని, దాన్నిబట్టి యాభై, వంద కొలుచుకుంటూ పో. నీ పక్కన ఇంకొకరు విడిగా లెక్కపెట్టాలి. ఇద్దరూ కాగితం మీద రాసుకునేదాకా ఒకరి అంకె ఒకరి చెవిన పడకూడదు. నీటిమట్టం, మంచు, వేళ కూడా రాయి. ఒక్క పక్షీ లేకపోతే సున్నా అని రాయి. ఖాళీగా వదిలితే లెక్కకు ఎవరూ పోలేదనుకుంటారు.

1987 నుంచి ప్రతి జనవరిలో ఆసియా అంతటా నీటిపక్షుల గణన జరుగుతోంది. నీ అంకె అందులో కలవాలంటే ఏటా అదే చోటు, అదే వేళ, అదే పద్ధతి ఉండాలి. ఒక్క చెరువులో తగ్గగానే ‘బాతులు అంతరించిపోతున్నాయ’ని పేపరువాళ్లకు చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నీళ్లు నిండి దిబ్బలు మునిగితే అవి సింగూరు జలాశయానికో పక్క చెరువుకో మళ్లుతాయి. అదే పొద్దున అక్కడ కూడా మనుషుల్ని పెట్టి, అప్పుడు మాట్లాడు.

మొత్తం అంకె కంటే నాకు ముఖ్యమనిపించేది గుంపులో పిల్ల బాతుల వాటా. ఆ ఏడు పుట్టిన వాటికి తల మీద రెండు నల్ల పట్టీలు ఇంకా రావు. వచ్చిన కొత్తలోనే టెలిస్కోపు పెట్టి, వంద తలల్లో ఎన్ని పట్టీలు లేనివో చూడు. అవి పుట్టిన చోట ఈసారి పొదుగుడు ఎలా సాగిందో ఇక్కడ కూర్చునే తెలుస్తుంది. కొన్నింటి మెడకు అక్షరాలున్న ప్లాస్టిక్ పట్టీ ఉంటుంది. దాని రంగు, అక్షరాలు రాసి, పక్షులకు ఇలాంటి గుర్తులు వేసే బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపు.

ఇక రైతులు. బాతులు లేత శనగ మేస్తాయి, వరి చేలల్లో దిగుతాయి. రైతు వచ్చి మొత్తుకుంటే ‘పక్షులేం తింటాయి’ అనకు. పొద్దున్నే అతనితో చేనుకు పోయి రెట్టలు, అడుగులు, కొరికిన మొక్కలు చూసి ఫొటో తీసుకో. టపాకాయలు కాలిస్తే గుంపు లేచి పక్కవాడి చేలో దిగుతుంది, ఊళ్లో తగవు పెరుగుతుంది. ఆ రైతును దూరం చేసుకున్నావంటే రేపు గట్టు మీద గుళికల మందు కలిపిన గింజలు కనిపించినా నీకు ఫోన్ చేసేవాడుండడు. జాలర్లతోనూ అంతే. దిబ్బలవైపు పడవ పోనివ్వొద్దని, డ్రోన్ ఎగరేసేవాళ్లను ఆపమని వాళ్లను అడిగి చూడు, వింటారు.

చచ్చిన పక్షి దొరికితే మాత్రం ఒట్టి చేత్తో ముట్టకు. 2020 డిసెంబరు, 2021 జనవరిలో హిమాచల్‌లోని పాంగ్ జలాశయంలో బర్డ్ ఫ్లూకి వేల పక్షులు చనిపోయాయి, వాటిలో ఎక్కువ ఈ బాతులే. జనాన్నీ కుక్కలనూ దూరంగా ఉంచి వెంటనే పశువైద్యాధికారికి చెప్పు. నమూనాలు భోపాల్ ల్యాబుకు పంపిస్తారు. ఆ బూట్లతో ఏ కోళ్లఫారానికీ పోవద్దు, నీ వెంట వచ్చినవాళ్లనూ పోనివ్వకు.

దసరా సెలవుల్లో వస్తే నా పాత నోటుపుస్తకాలు ఇస్తాను. గణనకు ముందే వాటిలోని చోట్లన్నీ ఒకసారి నడిచి చూసుకో.

మీ పెదనాన్న