సయాటికా ఆపరేషన్ లేకుండా తగ్గుతుందా? నాకు తగ్గింది, కానీ తిండితో కాదు

నడుము అడుగున ఎల్5-ఎస్1 అనే ఎముకల మధ్య డిస్కు ఉబ్బి నరాన్ని నొక్కుతోందని ఎంఆర్ఐలో వచ్చిందనీ, దానివల్ల కాల్లోకి లాగే ఈ నొప్పిని (సయాటికా) తిండి, ఎక్సర్‌సైజులతోనే తగ్గించుకోవచ్చా అనీ అడిగారు. మూడేళ్ల కిందట నా రిపోర్టులోనూ ఇదే మాట రాశారు.

ముందు ఒకటి చూసుకోండి. మూత్రం ఆగిపోవడం, మల మూత్రాలు తెలియకుండా పోవడం, తొడల మధ్య, కూర్చునే చోట మొద్దుబారడం, పాదం పైకి లేవకపోవడం, వీటిలో ఏది ఉన్నా ఇది చదవడం ఆపేసి వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

అవి లేకపోతే నా సంగతి చెప్తాను. ఉప్పల్ నుంచి రాయదుర్గం ఆఫీసుకి తొమ్మిదేళ్లు బైక్ మీదే తిరిగాను. ఒకరోజు పిర్రలో మొదలైన నొప్పి తొడ వెనక నుంచి పిక్క మీదుగా చిటికెన వేలి దాకా కరెంటు తీగలా లాగింది. ప్యాంటు మంచం మీద పడుకుని తొడుక్కునేవాణ్ణి. తుమ్ము వస్తోందంటే ముందు గోడ వెతుక్కోవాలి.

పది రోజులు మంచం దిగలేదు. అదే నేను చేసిన మొదటి తప్పు, కాలు ఇంకా బిగుసుకుపోయింది. రెండోది, యూట్యూబ్ చూసి ముందుకు వంగి పాదాలు పట్టుకునే ఆసనం వేయడం. ఆ రాత్రి నిద్ర లేదు.

ఫిజియో దగ్గరికి వెళ్తే బోర్లా పడుకోబెట్టి, మోచేతుల మీద ఛాతీ లేపించింది. కొన్నాళ్లకి భుజంగాసనంలా చేతులు పూర్తిగా చాపించింది. ఒకసారికి పది, రోజుకి నాలుగైదు సార్లు. వారం తర్వాత పిక్కలో నొప్పి తగ్గి నడుములో ఎక్కువైంది. హడలిపోయాను. "మంచిదేనండీ, నొప్పి కాలు వదిలి పైకి రావాలి" అంది. అయితే వెన్నులో నరాలు వెళ్లే దారి సన్నబడిన పెద్దవాళ్లకి వెనక్కి వంగితే నొప్పి పెరుగుతుంది. అందుకే మీ ఒంటికి ఏది పడుతుందో ఫిజియోకి చూపించుకునే మొదలుపెట్టండి.

నడక మొదట ఐదు నిమిషాలే, కాలనీ సందులో. మూడు నెలలకి నలభై నిమిషాలైంది. బైక్ పక్కన పెట్టి మెట్రో ఎక్కాను, అందులోనూ సీటు దొరికినా నిలబడేవాణ్ణి. స్పీడ్‌బ్రేకర్ల బాధ తప్పింది.

ఇక తిండి. వాతం చేస్తుందని మా పిన్ని వంకాయ, ఆలుగడ్డ మాన్పించింది. నాకైతే తేడా ఏమీ కనపడలేదు. పనికొచ్చింది వేరే. మలబద్ధకంతో ముక్కితే నొప్పి కాల్లోకి జివ్వున దిగేది. రాత్రి అన్నం బదులు జొన్నరొట్టె, ఆకుకూర, నీళ్లు ఎక్కువ తాగడం మొదలుపెట్టాక ఆ బాధ పోయింది, బరువూ 84 నుంచి 77కి దిగింది. మీరు శాకాహారులైతే బి12 కూడా ఒకసారి చూపించుకోండి, అది తక్కువైనా తిమ్మిర్లు వస్తాయి.

ఆరు వారాలకి సగం, నాలుగు నెలలకి దాదాపు అంతా తగ్గింది. డిస్కు వల్ల వచ్చే కాలి నొప్పి చాలామందిలో దానంతటదే మెల్లగా తగ్గుతుందట, కాబట్టి క్రెడిట్ అంతా నాదే అనను.

మొన్న విజయవాడ నుంచి బస్సులో వచ్చాక పిక్క మళ్లీ లాగింది. హాల్లో చాప పరిచి బోర్లా పడుకున్నాను. గుర్రం ఆట అనుకుని మా పాప వీపెక్కబోయింది, అది మాత్రం ఒప్పుకోలేదు.