మీ ప్రశ్న – మా జవాబు: డయాఫ్రమ్ వంగినా కెపాసిటెన్స్ మారదేం?

ప్రశ్న: ప్రాజెక్టు కోసం సిలికాన్ ప్రెషర్ సెన్సర్‌ని కామ్సోల్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌లో గీశాను. గుండ్రటి డయాఫ్రమ్ (ఒత్తిడికి వంగే పల్చటి పొర), వ్యాసార్ధం 250 మైక్రాన్లు, మందం 10, కింద 2 మైక్రాన్ల వాక్యూమ్ గ్యాప్. 100 కిలోపాస్కల్స్ ఇస్తే డయాఫ్రమ్ వంగుతోంది, కెపాసిటెన్స్ (ఛార్జి నిల్వచేసే సామర్థ్యం) మాత్రం 0.869 పికోఫారడ్ దగ్గరే ఉంటోంది. తప్పెక్కడ?
– ఎం.టెక్. విద్యార్థి, వరంగల్

జవాబు: 0.869 అనేది చదునైన డయాఫ్రమ్‌కి, పూర్తి 2 మైక్రాన్ల గ్యాప్‌కి వచ్చే విలువ. అంటే డయాఫ్రమ్ వంగినా, విద్యుత్ క్షేత్రాన్ని సాఫ్ట్‌వేర్ పాత ఆకారం మీదే లెక్కకడుతోంది. సాలిడ్ మెకానిక్స్ (వంపు లెక్క), ఎలక్ట్రోస్టాటిక్స్ (విద్యుత్ క్షేత్రం లెక్క) పక్కపక్కన పెట్టినంత మాత్రాన అవి కలవవు.

గ్యాప్‌ని కూడా ఒక డొమైన్‌గా (విడి ప్రాంతంగా) గీసి మెష్ చేయండి, అంటే ఎలిమెంట్లనే చిన్న ముక్కలుగా విడగొట్టండి. దాన్ని సాలిడ్ మెకానిక్స్‌లోంచి తీసేసి, మూవింగ్ మెష్ కింద డిఫార్మింగ్ డొమైన్‌గా, అంటే డయాఫ్రమ్‌తో పాటు ఆకారం మారే ప్రాంతంగా పెట్టండి. రెండు లెక్కల్నీ జోడించే ఎలక్ట్రోమెకానికల్ ఫోర్సెస్ కప్లింగ్ కలపండి. జామెట్రిక్ నాన్‌లీనియారిటీ (వంగిన ఆకారాన్ని లెక్కలోకి తీసుకునే సెట్టింగ్) ఆన్‌లో ఉండాలి. యాక్సిసిమెట్రిక్ మోడల్ (అక్షం చుట్టూ తిప్పితే పూర్తి ఆకారం వచ్చే సగం కోత) అయితే, అక్షం మీదున్న గ్యాప్ అంచు పైకీ కిందకీ జారగలుగుతోందో లేదో చూడండి; చాలామందికి మెష్ నలిగేది అక్కడే. గ్యాప్ ఎత్తులో కనీసం నాలుగు వరుసల ఎలిమెంట్లు ఉంచండి. వోల్టేజి 1 వోల్ట్ చాలు. దాని లాగుడు సుమారు 1 పాస్కల్ మాత్రమే, మీ ఒత్తిడి ముందు లెక్కలోకి రాదు.

వచ్చిన సంఖ్యని నమ్మేముందు చేత్తో సరిచూసుకోండి. సిలికాన్‌కి యంగ్స్ మాడ్యులస్ (గట్టిదనం) 160 గిగాపాస్కల్స్, పాయిజన్ నిష్పత్తి (ఒకవైపు సాగితే అడ్డంగా ఎంత కుంచించుకుంటుందో చెప్పేది) 0.22 తీసుకుంటే, అంచులు బిగించిన ప్లేటు సూత్రం ప్రకారం మధ్యలో వంపు 0.436 మైక్రాన్లు. దాన్ని గ్యాప్‌తో భాగించి వర్గమూలం తీస్తే 0.467. ఈ సంఖ్య విలోమ హైపర్బాలిక్ టాంజెంట్‌ని మళ్లీ అదే సంఖ్యతో భాగిస్తే 1.084. కెపాసిటెన్స్ 0.869కి అన్ని రెట్లు, అంటే 0.942 పికోఫారడ్, పెరుగుదల 8.4 శాతం. ఇక్కడ మధ్య వంపునే తీసుకుని సమాంతర ప్లేట్ల సూత్రంలో వేసేస్తే 28 శాతం వస్తుంది. డయాఫ్రమ్ అంతా మధ్యలో వంగినంతగా వంగదు కదా. మీ రిపోర్టులో 28 కనిపిస్తే గైడ్ దగ్గరికి వెళ్లకండి.

ఒత్తిడిని ఒక్కసారిగా ఇవ్వకుండా 10 కిలోపాస్కల్స్ చొప్పున పెంచండి. సుమారు 460 కిలోపాస్కల్స్ దగ్గర డయాఫ్రమ్ అడుగుకి తగులుతుంది. అంతకుముందే గ్యాప్ మెష్ తిరగబడి సాల్వర్ ఆగిపోవచ్చు. ఆ హద్దు దాటాలంటే కాంటాక్ట్ (రెండు ఉపరితలాలు తగలడాన్ని లెక్కించే సెట్టింగ్) పెట్టి, కింది ఎలక్ట్రోడ్ మీద పల్చటి ఇన్సులేటర్ పొర ఇవ్వాలి. పావు మోడల్ గీసినవాళ్లు కెపాసిటెన్స్‌ని నాలుగుతో గుణించడం మరిచిపోవద్దు.

ప్రశ్న: సాగే రబ్బరు కెపాసిటర్ పట్టీని 10 శాతం సాగదీస్తే కెపాసిటెన్స్ 10 శాతమే పెరిగింది. మందం కూడా తగ్గుతుంది కదా, ఇంకా పెరగొద్దా?
– హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మందం ఎంత శాతం తగ్గుతుందో వెడల్పూ అంతే తగ్గుతుంది. రెండూ కొట్టుకుపోయి పొడవు పెరుగుదలే మిగులుతుంది. పాయిజన్ నిష్పత్తి ఏదైనా ఇంతే, మీ ఫలితం సరైనదే. పట్టీ బాగా వెడల్పుగా, పొట్టిగా ఉండి క్లాంపులు వెడల్పుని తగ్గనివ్వకపోతే, మందం ఒక్కటే తగ్గి పెరుగుదల 21 శాతం దాకా వెళ్తుంది. రబ్బరుకి పాయిజన్ నిష్పత్తి 0.499 ఇచ్చి సిమ్యులేషన్‌లో మామూలు ఫార్ములేషన్ (లెక్క కట్టే పద్ధతి) వాడితే ఎలిమెంట్లు బిగుసుకుపోయి, ఉన్నదానికంటే గట్టిగా కనిపిస్తాయి. ఒత్తిడిని విడిగా లెక్కకట్టే మిక్స్‌డ్ ఫార్ములేషన్ ఎంచుకోండి.