మూడు రోజులు నిలిపితే సెల్ఫ్ తీసుకోని కొత్త కారు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: కారు కొని ఐదు నెలలైంది. పెట్రోల్, పుష్ బటన్ స్టార్ట్, 35 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే ఎంత కరెంట్ ఎన్ని గంటలు ఇవ్వగలదో చెప్పే కొలత) బ్యాటరీ. ఇప్పటిదాకా 4,200 కిలోమీటర్లు తిరిగింది. శుక్రవారం సాయంత్రం ఆరింటికి ఇంటి ముందు పెట్టి, సోమవారం పొద్దున ఎనిమిదింటికి బటన్ నొక్కితే టకటకమంటుంది తప్ప సెల్ఫ్ తీసుకోదు. నెలన్నరలో మూడుసార్లు ఇలాగే అయింది. సర్వీస్ సెంటర్‌లో ఛార్జ్ చేసి, పరీక్షించి, ‘బ్యాటరీ బాగానే ఉంది, బండి రోజూ తిప్పండి’ అన్నారు. బయటి మెకానిక్ బ్యాటరీ మార్చేయమంటున్నాడు. డెలివరీ అయిన వారానికి బయట షాపులో డాష్‌క్యామ్, ఆండ్రాయిడ్ స్టీరియో పెట్టించాను. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఇద్దరి మాటా పక్కన పెట్టి ముందు లెక్క చూడండి. మీ బండి నిలిచి ఉన్నది 62 గంటలు. తాళం వేసిన కారు కూడా కొంత కరెంట్ తాగుతూనే ఉంటుంది. అలారం, సెంట్రల్ లాక్, స్మార్ట్ కీ కోసం వినే రిసీవర్, గడియారం, కంప్యూటర్ల జ్ఞాపకశక్తి, వీటన్నిటికీ కలిపి సాధారణంగా 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్లు. 40 అనుకుంటే 62 గంటల్లో పోయేది రెండున్నర ఏహెచ్. నిండుగా ఉన్న 35 ఏహెచ్ బ్యాటరీలో అంత మాత్రం తగ్గినంత మాత్రాన ఏ కారూ మొరాయించదు. సెల్ఫ్ తిరగనంతగా దిగాలంటే 20, 25 ఏహెచ్ పోవాలి. అంటే గంట గంటకూ 300 నుంచి 400 మిల్లీ ఆంపియర్లు ఎవరో లాగుతుండాలి. లేదా శుక్రవారం మీరు బండి పెట్టేటప్పటికే బ్యాటరీ సగం ఖాళీగా ఉండి ఉండాలి. ఈ రెంటిలో ఏదో తేలకుండా కొత్త బ్యాటరీ వేస్తే, లీకవుతున్న డ్రమ్ములో మళ్లీ నీళ్లు పోసినట్టే. నెలకో, రెండు నెలలకో కథ మళ్లీ మొదటికొస్తుంది.

సర్వీస్ సెంటర్ వాళ్లు అబద్ధం చెప్పలేదు. వాళ్ల టెస్టర్ రెండు నిమిషాల్లో బ్యాటరీ ఆరోగ్యం ఎలా ఉందో చెబుతుంది. రాత్రిపూట కారు ఎంత లాగుతోందో దానికి తెలియదు. అది వేరే పరీక్ష, గంటకు పైగా పడుతుంది. అందుకే అడిగితే తప్ప చేయరు.

మొదటి పరీక్షకు మామూలు డిజిటల్ మల్టీమీటరు, ఒక 10 నంబర్ స్పానర్ చాలు. బ్యాటరీని ఛార్జర్‌తో పూర్తిగా నింపండి. 35 ఏహెచ్‌కి మూడు, మూడున్నర ఆంపియర్లు సరిపోతుంది. బాగా దిగిపోయి ఉంటే 10 నుంచి 12 గంటలు పడుతుంది. తర్వాత మైనస్ టెర్మినల్ విప్పి, ఒక రాత్రి అలాగే వదిలేసి కొలవండి. 12.6 వోల్టులో, ఆపైనో ఉంటే నిండినట్టు. 12.4 అంటే దాదాపు ముప్పావు, 12.2 అంటే సగం, 12.0 అంటే పావు వంతే మిగిలినట్టు. ఛార్జర్ తీసిన వెంటనే కొలిస్తే 13 దాకా చూపిస్తుంది. అది పైపై ఛార్జ్, నమ్మకండి. ఇప్పుడు మైనస్ వైరు విప్పే ఉంచి మూడు రోజులు ఆగండి. వోల్టేజీ నిలబడితే బ్యాటరీది తప్పు కాదు. మళ్లీ బిగించి, అదే మూడు రోజులు బండి కదపకుండా ఉంచి కొలవండి. ఈసారి 12.0కి పడిపోతే దొంగ కారులోనే ఉన్నాడు. విప్పి ఉంచినా పడిపోతే మాత్రం బ్యాటరీనే వారంటీలో మార్పించుకోండి. కొత్త కారు బ్యాటరీ కొత్తదే అయి ఉంటుందని అనుకోకండి. స్టాక్‌యార్డులో నెలల తరబడి ఎండలో నిలిచి, లోపలే దిగిపోయి, ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడిన బ్యాటరీతో డెలివరీ అయ్యే బళ్లు ఉంటాయి.

ఇక లాగే కరెంట్‌ను నేరుగా కొలవడం. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. ముందు డ్రైవరు అద్దం దించి ఉంచండి. బానెట్ తెరిచే ఉంచి, దాని లాక్‌ను స్క్రూడ్రైవర్‌తో నొక్కి మూయండి. లేకపోతే బానెట్ తెరిచి ఉందని కారుకు తెలుస్తుంది, పూర్తిగా నిద్రపోకపోవచ్చు. స్మార్ట్ కీని ఇంట్లో, కారుకు కనీసం ఐదారు మీటర్ల దూరంలో పెట్టండి. మీటరు ఎర్ర వైరును 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, డయల్‌ను డీసీ ఆంపియర్ల మీద ఉంచండి. ఒక కొస బ్యాటరీ మైనస్ పోల్‌కి, రెండోది మైనస్ వైరు క్లాంపుకి. టెర్మినల్ విప్పక ముందే ఈ రెండూ తగిలించి, ఆ తర్వాత క్లాంపును మెల్లగా పైకి లాగితే కారుకు కరెంట్ ఒక్క క్షణం కూడా తెగదు. తెగిందంటే కంప్యూటర్లన్నీ మేల్కొంటాయి, పాడైన చోటు తాత్కాలికంగా సర్దుకుని దొరక్కుండా పోవచ్చు.

మొదట్లో అంకె రెండు, మూడు ఆంపియర్లు చూపించినా కంగారు పడకండి. కారు మెట్లు దిగినట్టు నిద్రలోకి జారుతుంది. కొన్ని బళ్లకు 15 నిమిషాలు, కొన్నిటికి ముప్పావు గంట. గంట తర్వాత కనిపించే అంకే అసలు అంకె. 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే మంచిది. 100 దాటితే వెతకాలి. 300, 400 అయితే మీ లెక్క సరిపోయింది. అంకె తగ్గి, రెండు నిమిషాలకోసారి ఎగిరి, మళ్లీ తగ్గుతుంటే ఎవరో కారును నిద్ర లేపుతున్నారు. ఓబీడీ సాకెట్‌లో (మెకానిక్‌లు కారు లోపాలు చదివే సాకెట్) గుచ్చిన పరికరం, దగ్గర్లో పెట్టిన కీ, కారును మొబైల్ నెట్‌వర్క్‌కు కలిపే కనెక్టెడ్ కారు మాడ్యూల్, ఇవి ముందు అనుమానించాల్సినవి. సిగ్నల్ సరిగా లేని సెల్లార్‌లో బండి పెడితే ఆ మాడ్యూల్ టవర్ కోసం వెతుకుతూ ఎక్కువ లాగుతుంది.

ఒక హెచ్చరిక. మీటరు తగిలించి ఉండగా స్టార్ట్ చేయకండి, ఇగ్నిషన్ ఆన్ చేయకండి. 10 ఆంపియర్లు దాటితే మీటరు లోపలి ఫ్యూజో, మీటరో పోతుంది. పని అయ్యాక ఎర్ర వైరును వోల్టుల రంధ్రంలోకి మార్చడం మరిచిపోయి బ్యాటరీ మీద పెడితే నేరుగా షార్ట్, నిప్పురవ్వలు లేస్తాయి. వైరు చుట్టూ పట్టించి కరెంట్ కొలిచే క్లాంప్ మీటరు కొంటే అది డీసీ కొలిచేదో కాదో చూసుకోండి. ఇళ్ల వైరింగ్‌కి వాడే ఏసీ క్లాంప్ ఇక్కడ పనికిరాదు.

ఏ సర్క్యూట్ అన్నది తేల్చడానికి ఫ్యూజ్‌లు ఒక్కొక్కటే పీకడం పాత పద్ధతి. కొత్త బళ్లలో పీకి మళ్లీ పెట్టగానే ఆ సర్క్యూట్ మేల్కొని లెక్క తప్పిస్తుంది. దాని బదులు ఫ్యూజ్ తల మీద కనిపించే రెండు లోహపు చుక్కల మధ్య మిల్లీవోల్టులు కొలవండి. కరెంట్ పారని ఫ్యూజ్ సున్నా చూపిస్తుంది. 10 ఆంపియర్ల చిన్న ఫ్యూజ్ మీద 3 మిల్లీవోల్టులు కనిపిస్తే సుమారు 400 మిల్లీ ఆంపియర్లు పారుతున్నట్టు. లోపలి ఫ్యూజ్ బాక్స్ చూడాలంటే తలుపు తెరిచి, తలుపు లాక్‌ను కూడా బానెట్ లాక్‌లాగే స్క్రూడ్రైవర్‌తో మూసి, మళ్లీ కారు నిద్రపోయేదాకా ఆగాలి.

మీ విషయంలో అంత దూరం వెళ్లకముందే డాష్‌క్యామ్, స్టీరియో రెండూ ఊడదీసి కొలవండి. మా అనుమానం నూటికి తొంభై వంతులు వాటి మీదే. పార్కింగ్ మోడ్‌లో, అంటే బండి ఆపి ఉన్నా కాపలా కాసేలా పెడితే, డాష్‌క్యామ్ 200 నుంచి 300 మిల్లీ ఆంపియర్లు లాగడం మామూలే. 62 గంటలకు 300 చొప్పున 18.6 ఏహెచ్! వైరింగ్ కిట్‌లో వోల్టేజీ కటాఫ్ (బ్యాటరీ ఒక స్థాయికి దిగగానే డాష్‌క్యామ్‌ను ఆపేసేది) ఉంటుంది కదా అంటారు. దాన్ని 11.6 వోల్టుల మీద పెట్టి ఉంటే అది ఆగేసరికి బ్యాటరీలో ఏమీ మిగలదు. 12.4 మీద పెట్టించండి, లేదా పార్కింగ్ మోడ్ తీసేయించి ఇగ్నిషన్‌తో వచ్చే కరెంట్‌కే కలపమనండి. స్టీరియోలో పసుపు వైరుకు ఎప్పుడూ కరెంట్ ఉండాలి, ఎర్ర వైరుకు ఇగ్నిషన్ వేసినప్పుడే రావాలి. త్వరగా ఆన్ కావాలనో, ఏసీసీ వైరు (ఇగ్నిషన్‌తో కరెంట్ వచ్చేది) దొరకలేదనో కొందరు ఫిట్టర్లు రెంటినీ కలిపి ముడివేస్తారు. తెర నల్లగా కనిపిస్తుంది గానీ లోపల పెట్టె పనిచేస్తూనే ఉంటుంది. పొద్దున బండి తెరవగానే స్టీరియో వెనక చెయ్యి పెట్టి చూడండి. రాత్రంతా నిలిచిన బండిలో అది గోరువెచ్చగా ఉంటే మీటరు కూడా అక్కర్లేదు.

ఆ రెండూ తీసినా అంకె తగ్గకపోతే డిక్కీ లైటు, గ్లవ్ బాక్స్ లైటు చూడండి. ఫోన్‌లో వీడియో రికార్డింగ్ పెట్టి లోపల వదిలి మూత మూస్తే లైటు ఆరిందో లేదో తెలిసిపోతుంది. రాత్రి బయట నిలబడి బ్రేక్ లైటు వెలుగుతోందేమో చూడండి. ఎలుకలు వైర్లు కొరికాయేమో బానెట్ కింద వెతకండి. అక్కడా ఏమీ లేకపోతే అది వారంటీ పని. జాబ్ కార్డు మీద ‘బ్యాటరీ డౌన్’ అని రాయించకండి. ‘కారు నిద్రలో ఉండగా లాగే కరెంట్ ఎన్ని మిల్లీ ఆంపియర్లో కొలిచి రాయాలి’ అని రాయించండి. మీరు కొలిచిన అంకె కూడా పక్కన వేయించండి. బయట పెట్టించినవి తీసి రమ్మంటే తీసే వెళ్లండి, ఆ మాట న్యాయమే.

ఇప్పటికే మూడుసార్లు అడుగంటింది కాబట్టి ఆ బ్యాటరీ కొంత శక్తి కోల్పోయే ఉంటుంది. కారణం సరిచేశాక ఇంకోసారి ఛార్జర్‌తో నిండా నింపండి.

ప్రశ్న: ఆఫీసు మూడు కిలోమీటర్లే. స్టార్ట్ చేసినప్పుడల్లా బ్యాటరీ చాలా తగ్గుతుందంటారు. ఆదివారాలు పావుగంట ఇంజన్ ఆన్‌లో ఉంచితే చాలా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: స్టార్ట్ చేయడానికి పోయేది తక్కువే. సెల్ఫ్ 150 ఆంపియర్లు రెండు సెకన్లు లాగినా పదో వంతు ఏహెచ్ కూడా కాదు. రెండు, మూడు నిమిషాల ప్రయాణంలో తిరిగొస్తుంది. అసలు చిక్కు, లెడ్ యాసిడ్ బ్యాటరీ చివరి 20 శాతం చాలా నెమ్మదిగా నింపుకుంటుంది. దానికి గంటలు పడుతుంది, ఇంజన్‌తో తిరుగుతూ బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ ఎంత పెద్దదైనా అంతే. అందుకని నిలబెట్టి పావుగంట నడిపితే పెట్రోలు పోవడమే తప్ప పెద్ద లాభం లేదు. వారానికోసారి 40 నిమిషాలు హైవే మీద నడపండి, లేదా నెలకోసారి రాత్రి ఛార్జర్ పెట్టండి.

ప్రశ్న: పిల్లల దగ్గరికి అమెరికా వెళ్తున్నాం, నాలుగు నెలలు. కొత్త కారు షెడ్డులో ఉంటుంది. పక్కింటి అబ్బాయితో వారానికోసారి స్టార్ట్ చేయిద్దామా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: వద్దు. వారానికి ఐదు నిమిషాలు నడిపితే బ్యాటరీ నిండదు, ఇంజన్ సరిగా వేడెక్కక ఆయిల్‌లో తేమ చేరుతుంది. ఏ లోపమూ లేని కారు కూడా 40 మిల్లీ ఆంపియర్ల చొప్పున 120 రోజుల్లో 115 ఏహెచ్ లాగుతుంది. అంటే మీది 35 ఏహెచ్ అయితే అలాంటివి మూడు బ్యాటరీలు ఖాళీ. వెళ్లే ముందు నిండా ఛార్జ్ చేసి మైనస్ వైరు విప్పేయండి. ముందు మైనస్సే విప్పాలి, బిగించేటప్పుడు మైనస్ చివర. విప్పిన క్లాంపుకు గుడ్డ చుట్టి పోల్‌కి తగలకుండా పక్కకు కట్టండి.

విప్పాక డిక్కీ ఎలక్ట్రిక్ లాక్ పనిచేయదు, రిమోటూ పనిచేయదు. స్మార్ట్ కీలో దాగి ఉండే ఇనుప తాళం చెవితో డ్రైవరు తలుపు తెరుచుకుంటుందో లేదో ముందే చూసుకోండి. రెండు కీలూ కారు బయటే ఉండాలి. తిరిగొచ్చి బిగించాక గడియారం మళ్లీ పెట్టుకోవాలి. అద్దం ఒక్క నొక్కుతో పైకి రాకపోతే, పూర్తిగా పైకి లేపి స్విచ్‌ను కొన్ని సెకన్లు అలాగే పట్టుకుంటే చాలా బళ్లలో సర్దుకుంటుంది. డాష్‌బోర్డులో వెలిగే స్టీరింగ్, ఏబీఎస్ లైట్లు కొద్ది దూరం నడిపాక ఆరిపోవాలి. ఆరకపోతే చూపించండి.

ప్రశ్న: ఎలక్ట్రిక్ కారు. పెద్ద బ్యాటరీ 80 శాతం ఉంది. అయినా తెల్లారి తలుపే తెరుచుకోలేదు. అదెలా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తాళాలు, తెరలు, కంప్యూటర్లు నడిపేది అందులోనూ చిన్న 12 వోల్టుల బ్యాటరీయే. పెద్ద బ్యాటరీని కారుకు కలిపే కాంటాక్టర్లు మూసుకోవడానికి కూడా ఆ కరెంటే కావాలి. చిన్నది పడుకుంటే పెద్దది ఎంత నిండుగా ఉన్నా అందదు. నిలిపి ఉన్నప్పుడు పెద్దదాంట్లోంచి చిన్నదాన్ని తనంతట తానే నింపుకునే బళ్లున్నాయి, నింపుకోనివీ ఉన్నాయి. మీదెలాంటిదో ఓనర్స్ మాన్యువల్‌లో చూడండి. ఫోన్ యాప్‌లో ‘బండి ఎక్కడుంది, ఛార్జ్ ఎంత’ అని పదే పదే చూడటం తగ్గించండి. చూసిన ప్రతిసారీ కారు నిద్ర లేస్తుంది. మీ చిన్న బ్యాటరీ లెడ్ యాసిడ్‌దైతే పైన చెప్పిన కొలతలు దానికీ వర్తిస్తాయి. నారింజ రంగు కేబుళ్ల జోలికి మాత్రం వెళ్లకండి, వాటిలో ప్రాణాలు తీసే వోల్టేజీ ఉంటుంది.

ప్రశ్న: మా మెకానిక్ ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి, ఇంజన్ ఆగకపోతే ఆల్టర్నేటర్ బాగున్నట్టే అంటాడు. సరైనదేనా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఎవరినీ చేయనివ్వకండి. పాత డైనమో బళ్ల నాటి అలవాటు అది. బ్యాటరీ ఒక్కసారిగా ఊడితే ఆల్టర్నేటర్ వోల్టేజీ క్షణకాలం 40 దాటి ఎగరగలదు. దానికి కంప్యూటర్లు, ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్ కాలిపోవచ్చు. మీటరును బ్యాటరీ మీద పెట్టి, ఇంజన్ స్టార్ట్ చేసి, హెడ్‌లైట్లు, ఏసీ వేసి చూడమనండి. 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే ఛార్జింగ్ సరిగానే ఉంది. కొత్త బళ్లలో స్మార్ట్ ఆల్టర్నేటర్ ఉంటే, బ్యాటరీ నిండినప్పుడు పెట్రోలు ఆదా కోసం 13 లోపుకు దించుతుంది. అది లోపం కాదు. అలాంటి బళ్లకు మైనస్ టెర్మినల్ మీదే చిన్న సెన్సర్ పెట్టె ఉంటుంది. వేరే బండి నుంచి జంప్ ఇచ్చేటప్పుడు నల్ల కేబుల్‌ను ఆ టెర్మినల్‌కి కాకుండా ఇంజన్ మీద రంగు లేని బోల్టుకు తగిలించాలి. అప్పుడే వచ్చిన ఛార్జ్‌ను సెన్సర్ లెక్కలోకి తీసుకుంటుంది.