సన్‌రూఫ్ కారుతోందని ఎఫ్‌డీ బ్రేక్ చేయాలా?

ప్రశ్న: మాది విశాఖ ఎంవీపీ కాలనీ. కారు కొని అయిదో ఏడు నడుస్తోంది. మొన్నటి వానకి సన్‌రూఫ్ పక్కనుంచి నీళ్లు కారి ముందు సీటు తడిసిపోయింది. సర్వీస్ సెంటర్‌లో మొత్తం సెట్ మార్చాలి, 62 వేలవుతుందన్నారు. బాబు ఫీజు కోసం వేసిన ఎఫ్‌డీ తీసేయనా, ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేయనా? ఇంతవరకు ఒక్క క్లెయిమ్ కూడా లేదు. మన కారుకి జరిగే నష్టం కోసం కట్టే ఓన్ డ్యామేజ్ ప్రీమియం 14 వేలు, క్లెయిమ్ చేయనందుకు దాని మీద 45 శాతం బోనస్, అంటే తగ్గింపు, వస్తోంది.

జవాబు: రెండూ వద్దండీ. ముందు గ్లాసుడు నీళ్లు పట్టుకుని కారు దగ్గరకి వెళ్లండి.

సన్‌రూఫ్ అద్దం చుట్టూ ఉండే రబ్బరు నీటిని పూర్తిగా ఆపదు. కొంత నీరు లోపలికి దిగుతుంది. కింద ఉన్న గాడి దాన్ని పట్టుకుని, మూలల్లోని సన్నటి గొట్టాల ద్వారా బయటికి పంపేస్తుంది. మన డాబా మీద తూము పని అదే కదా! తూములో ఆకులు పడితే నీళ్లు ఎక్కడ నిలుస్తాయో మీకు తెలుసు. నీడ కోసం వేపచెట్టు కింద కారు పెట్టే అలవాటున్న ఊరు మనది, పైగా దుమ్ము, ఉప్పుగాలి.

అద్దం తెరిచి, ముందు మూలల్లో కొద్దికొద్దిగా నీళ్లు పోయండి. కాసేపటికి కారు కింద నీళ్లు పడితే దారి బాగున్నట్టే. గాడిలోనే నిలిచిపోతే గొట్టం మూసుకుపోయింది. మెత్తటి నైలాన్ తీగతో నెమ్మదిగా తీయిస్తే చాలు, అయ్యేది చాలావరకు కూలి ఖర్చే. కంప్రెసర్ గాలి మాత్రం గట్టిగా కొట్టనివ్వకండి. లోపల గొట్టం జాయింటు ఊడితే రూఫ్ లైనింగ్ దించాల్సి వస్తుంది, అప్పుడు నిజంగానే పెద్ద బిల్లు. నా కారుకి ఒకాయన అలాగే చేశాడు లెండి.

గొట్టాలు బాగుండీ కారుతుంటే, గాడి పగిలిందా, రబ్బరు పోయిందా అని రాతపూర్వకంగా అడగండి. ఏ భాగానికి ఎంతో విడివిడిగా రాయించుకుని, ఆటోనగర్‌లో ఇంకొకరికి చూపించండి.

ఇక క్లెయిమ్. వాడకంలో అరిగినవాటికి, మూసుకుపోయినవాటికి మామూలు పాలసీ డబ్బివ్వదు. హుద్‌హుద్ లాంటి తుఫానులో కొమ్మ పడి అద్దం పగిలితే అది వేరే లెక్క. ఒకవేళ ఇచ్చినా బోనస్ సున్నాకి పడిపోతుంది. వచ్చే ఏడాది 50 శాతం రావాల్సింది పోయి, మళ్లీ 20, 25, 35, 45 అంటూ మొదట్నుంచి ఎక్కాలి. ప్రీమియం మారదనుకున్నా అయిదేళ్లలో మీకు పోయేది 17,500 రూపాయలు.

ఎఫ్‌డీ ముందే తీస్తే చాలా బ్యాంకులు వడ్డీలో కోత పెడతాయి. దాన్ని ఫీజుకే ఉంచి, కారు కోసం నెలకి వెయ్యి చొప్పున వేరే ఆర్‌డీ మొదలుపెట్టండి. జూన్‌లోనూ, అక్టోబరు తుఫాన్ల ముందూ గొట్టాలు శుభ్రం చేయించండి. సన్‌రూఫ్ అద్దం జరిగే పట్టాలకి సిలికాన్ గ్రీజు రాయించండి, ఇంజిన్ ఆయిల్ వద్దు, రబ్బరు పాడవుతుంది.

ఆలస్యం మాత్రం చేయకండి. కార్పెట్ కింద వైర్లుంటాయి, ఈ ఆదివారమే ఎత్తించి ఆరబెట్టండి.