స్పీకర్లు తయారుచేసే కంపెనీలో పనిచేయాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: మాకు నరసరావుపేటలో సౌండ్ సర్వీస్ షాపు ఉందండీ. పెళ్ళిళ్ళకి, తిరునాళ్ళకి మైకులు, బాక్సులు అద్దెకిస్తాం. మా అబ్బాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పాసయ్యాడు. ఈఏపీసెట్‌లో మధ్యస్థంగా ర్యాంకు వచ్చింది. హైస్కూల్లో ఉన్నప్పటి నుంచే షాపులో కాలిపోయిన స్పీకర్లకి కాయిల్ మార్చడం, కోన్ వేయడం చేస్తున్నాడు. స్పీకర్లు తయారుచేసే కంపెనీలోనే పని చేస్తానని పట్టుబట్టి, అందుకోసం చెన్నైలో ఏడాది సౌండ్ ఇంజనీరింగ్ కోర్సులో చేర్చమంటున్నాడు. ఫీజు నాలుగు లక్షలు. బంధువులేమో కళ్ళు మూసుకుని సీఎస్ఈలో వేసేయమంటున్నారు. మాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా ఆ నాలుగు లక్షలు కట్టకండి. ఆ కోర్సు పనికిరానిదని నా ఉద్దేశం కాదు. మీ అబ్బాయి వెళ్ళాలనుకుంటున్న చోటికి ఆ దారి పోదు. సౌండ్ ఇంజనీరింగ్ పేరుతో నేర్పేది రికార్డింగ్, మిక్సింగ్, లైవ్ షోలలో కన్సోల్ నడపడం. ఆ చదువు చదివినవాళ్ళు స్టూడియోల్లో, సినిమా మిక్సింగ్ థియేటర్లలో, టీవీ చానళ్ళలో, ఈవెంట్ కంపెనీల్లో స్థిరపడతారు. వాళ్ళకి స్పీకర్ ఒక పనిముట్టు. దాన్ని ఎలా వాడాలో తెలుసుకుంటారే తప్ప ఎలా పుడుతుందో వాళ్ళ సిలబస్‌లో ఉండదు. స్పీకర్ ఫ్యాక్టరీలో ఇంటర్వ్యూ చేసేవాళ్ళు ఆ సర్టిఫికెట్‌ని పెద్దగా పట్టించుకోరు.

మరి వాళ్ళకి ఎలాంటివాళ్ళు కావాలి? ఈ సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు, షాపులో రోజూ చూస్తూనే ఉంటారు. స్పీకర్‌ని మనం ఎలక్ట్రానిక్స్ సామానుల్లో జమ కడతాం గానీ, విప్పితే లోపల ఒక్క ట్రాన్సిస్టర్ ఉండదు, ఒక్క చిప్ ఉండదు. కాగితం, నూలు గుడ్డ, రబ్బరు, రాగి తీగ, ఇనుము, అయస్కాంతం, జిగురు. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ 1925లో ఒక పత్రం ప్రచురించారు. అందులో వాళ్ళు వివరించిన అమరికే, అంటే అయస్కాంతం మధ్య సందులో కదిలే కాయిల్, దానికి అతికించిన కాగితపు కోన్, ఇవాళ మీ షాపులో ఉన్న 12 అంగుళాల స్పీకర్‌లోనూ ఉంది. ఈ వందేళ్ళలో మారినవల్లా పదార్థాలు, జిగుళ్ళు, అయస్కాంతాలు, కొలిచే పద్ధతులు. ఉద్యోగాలు కూడా అక్కడే ఉన్నాయి.

ఫ్యాక్టరీలో పని ఎలా సాగుతుందో కొంచెం వివరంగా చెబుతాను. ఏ చదువు ఎక్కడ అక్కరకొస్తుందో మీకే అర్థమవుతుంది.

కాగితపు కోన్‌ని షీటు కత్తిరించి అతికిస్తారని చాలామంది అనుకుంటారు. మంచి కోన్లు అలా చేయరు. పీచు గుజ్జుని నీళ్ళలో కలిపి, కోన్ ఆకారంలో ఉన్న సన్నని జల్లెడ మీదికి వాక్యూమ్‌తో లాగుతారు. నీళ్ళు కిందికి పోయి గుజ్జు ఒక పొరగా నిలుస్తుంది. దాన్ని వేడి అచ్చులో నొక్కి ఆరబెడతారు. గుజ్జుని ఎంతసేపు నలగ్గొట్టారు, అందులో ఏ పీచు ఎంత కలిపారు అన్నదాన్ని బట్టి కోన్ బిరుసు మారుతుంది, దాంతో స్పీకర్ గొంతే మారుతుంది. పాలీప్రొపిలీన్ కోన్లయితే అది పూర్తిగా ప్లాస్టిక్ మౌల్డింగ్ పని. కోన్ కింద ఉండే స్పైడర్ నూలు గుడ్డ. దాన్ని ఫినాలిక్ రెసిన్‌లో ముంచి, ఆరబెట్టి, వేడి డైలో, అంటే ఉక్కు అచ్చులో నొక్కితే ఆ గుండ్రటి మడతలు వస్తాయి. రెసిన్ కాస్త ఎక్కువ పట్టిందంటే స్పైడర్ బిగుసుకుపోతుంది, స్పీకర్ రెసొనెన్స్ ఫ్రీక్వెన్సీ (అది సహజంగా ఊగే ఫ్రీక్వెన్సీ) పైకి జరుగుతుంది, బేస్ తగ్గుతుంది. ఒకే మోడల్‌కి చెందిన రెండు స్పీకర్లు ఒకేలా మోగకపోవడానికి చాలాసార్లు కారణం ఈ గుడ్డముక్కే.

కాయిల్ గురించి మీ అబ్బాయికి తెలుసు, అయినా ఒక్క మాట. మామూలు స్పీకర్‌కి వంద వాట్లు పంపితే శబ్దంగా మారేది రెండు మూడు వాట్లే. మిగతాదంతా వేడి. అందుకే పెద్ద స్పీకర్లలో కాయిల్‌ని కాగితం గొట్టం మీద కాకుండా పాలిఇమైడ్, ఫైబర్‌గ్లాస్ లాంటి వేడికి ఓర్చుకునే ఫార్మర్ల (కాయిల్ చుట్టే గొట్టాల) మీద చుడతారు. తీగకి ఎనామిల్ పైన ఇంకో బంక పూత ఉంటుంది. చుట్టాక వేడి చేస్తే చుట్లన్నీ ఒకదానికొకటి అతుక్కుంటాయి. జాతర సీజన్లో మీ దగ్గరికి వచ్చే కాలిన కాయిళ్ళు చాలావరకు ఈ వేడి లెక్క తప్పినవే.

ఇక అసలు బిగింపు. కింద టీ ఆకారపు ఇనుప యోక్, దాని మీద ఫెరైట్ రింగు, ఆ పైన టాప్ ప్లేటు, దానికి బిగించిన బాస్కెట్, అంటే స్పీకర్ ఫ్రేము. సందు అన్ని వైపులా సమానంగా ఉండేలా గేజి పెట్టి జిగురుతో అతికిస్తారు. చాలా ఫ్యాక్టరీల్లో ఈ దశలో ఆ ఫెరైట్ రింగుకి అయస్కాంత శక్తి ఉండదు, అది ఉత్త నల్లరాయి. ముందే శక్తి ఎక్కిస్తే గాలిలో తిరిగే ఇనుప రజనంతా సందులోకి చేరి కాయిల్‌కి రుద్దుకుంటుంది, ప్లేట్లు కూడా చెప్పినట్టు కూర్చోవు. కాబట్టి కాయిల్‌కి, పోల్‌కి (యోక్ మధ్యలో నిలిచే ఇనుప కడ్డీకి) మధ్య పల్చటి ప్లాస్టిక్ షిమ్ పెట్టి, స్పైడర్ అతికించి, కోన్ దించి, జిగురు ఆరాక షిమ్ లాగేసి, లీడ్ తీగలు టంకం వేసి, డస్ట్ క్యాప్ పెట్టి, అప్పుడు తీసుకెళ్ళి మ్యాగ్నెటైజర్‌లో కూర్చోబెడతారు. పెద్ద కెపాసిటర్లలో నింపి ఉంచిన కరెంటు కొన్ని మిల్లీసెకన్లలో ఒక కాయిల్ గుండా దూసుకుపోతుంది. అంతవరకూ రాయిలా ఉన్న రింగు అక్కడ అయస్కాంతమవుతుంది.

ఇందులో అందరూ భయపడేది మెడ దగ్గర. కోన్, స్పైడర్, కాయిల్ ఫార్మర్ మూడూ ఒకేచోట కలిసే అతుకు అది. జిగురు తక్కువైతే నాలుగు పాటలకే ఊడిపోతుంది. ఎక్కువైతే కదిలే బరువు పెరిగి సున్నితత్వం పడిపోతుంది, అంటే అదే పవర్‌కి శబ్దం తగ్గుతుంది. పక్కకి కారితే కాయిల్ వంగి రుద్దుతుంది. వానాకాలంలో గాలిలో తేమ పెరిగితే కాగితం కోన్ తీరు, జిగురు ఆరే టైము రెండూ మారతాయి. స్పీకర్ ఫ్యాక్టరీలో ప్రాసెస్ ఇంజనీర్ అనే ఉద్యోగంలో సగం పని ఈ అతుకుతోనే. ఈ పనికి పాలిమర్ల గురించి తెలిసినవాళ్ళు, మెషీన్‌తో కొలతగా జిగురు వేయించగలిగినవాళ్ళు, తప్పు ఎక్కడ జరుగుతోందో లెక్కలు రాసి పట్టుకోగలిగినవాళ్ళు కావాలి.

చివర్లో టెస్టింగ్. మీరు ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ ఆనించి కోన్ ముందుకొస్తుందా వెనక్కి పోతుందా చూస్తారే, అక్కడా పొలారిటీకి చూసేది అదే. ఆ తర్వాత తక్కువ ఫ్రీక్వెన్సీ నుంచి ఎక్కువకి ఒక స్వీప్ పంపి, రుద్దుడు, గరగర ఏమైనా ఉందా అని వింటారు. ఒకప్పుడు దీనికి చెవి తర్ఫీదున్న మనుషులే కూర్చునేవాళ్ళు. ఇప్పుడు మైకు, సాఫ్ట్‌వేర్ ఆ పని చేస్తున్నాయి. జర్మనీలోని డ్రెస్డెన్‌కి చెందిన క్లిప్పెల్ సంస్థ పరికరాలు దీనికి ప్రపంచమంతా వాడతారు. ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్ళకి, సిగ్నల్ ప్రాసెసింగ్ వచ్చినవాళ్ళకి చోటు ప్రధానంగా ఇక్కడా, యాంప్లిఫయర్లు, డీఎస్పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్) వైపునా.

కాబట్టి మీ అబ్బాయికి నా సలహా బీటెక్ మెకానికల్. సీఎస్ఈ అయితే వద్దు, మనసు లేని చోట నాలుగేళ్ళు కూర్చోబెట్టినట్టవుతుంది. ఈసీఈ వస్తే తప్పేమీ లేదు, తలుపులు ఎక్కువ తెరిచి ఉంటాయి. కానీ కోన్, డై, జిగురు, అయస్కాంతం దగ్గర పని చేయాలన్న కోరిక నిజమైతే మెకానికలే దగ్గరి దారి. వైబ్రేషన్స్, ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతులు, పాలిమర్ పదార్థాలు ఎలక్టివ్‌లుగా తీసుకోవాలి. ఒకటి మాత్రం దాచను. మెకానికల్‌కి క్యాంపస్‌లో కోర్ కంపెనీలు తక్కువ వస్తాయి, మూడో ఏడాదికల్లా ఫ్రెండ్స్ అందరూ కోడింగ్ కోచింగ్‌కి వెళ్తుంటారు. మొదటి జీతం సాఫ్ట్‌వేర్ వాళ్ళతో పోలిస్తే చిన్నగా ఉంటుంది. ఆ పోలిక ఇంట్లో ఎవరూ తేకుండా చూడాల్సింది మీరే.

బీటెక్ ఒద్దనుకుంటే ఇంకో దారి ఉంది, మనవాళ్ళు దాన్ని చిన్నచూపు చూస్తారు గానీ నాకు చాలా ఇష్టం. హైదరాబాద్ బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ ఉంది, అందరూ సీఐటీడీ అంటారు. విజయవాడలో కూడా శాఖ ఉంది. అక్కడి టూల్, డై, మౌల్డ్ డిప్లొమా నాలుగేళ్ళు, పదో తరగతి అర్హత. వయసు పరిమితి ఉంటుంది కాబట్టి ఆలస్యం చేయకుండా కనుక్కోండి. ప్లాస్టిక్స్ వైపైతే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీపెట్, దానికి విజయవాడ దగ్గర సూరంపల్లిలో, హైదరాబాద్ చర్లపల్లిలో కేంద్రాలున్నాయి. స్పైడర్ డై చేయగలిగినవాడికి స్పీకర్ల కంపెనీ కాకపోతే కారు విడిభాగాల కంపెనీ, అదీ కాకపోతే మందుల ప్యాకింగ్ కంపెనీ పని ఇస్తుంది. ఒక్క పరిశ్రమ మీదే బతుకు ఆధారపడదు.

ఉద్యోగాలు ఎక్కడ అంటారా, ఎక్కువ మన రాష్ట్రాల్లో కాదు. మీ హారన్ల మీద కనిపించే అహూజా 1940లో మొదలైన ఢిల్లీ కంపెనీ. నోయిడా చుట్టుపక్కల స్పీకర్లు, వాటి విడిభాగాలు చేసే యూనిట్లు ఉన్నాయి. కార్ ఆడియో చేసే హర్మన్ ప్లాంటు పుణె దగ్గర చాకణ్‌లో ఉంది. కోల్‌కతాలో సోనోడైన్ ఉంది. మన వైపు తిరుపతి దగ్గర డిక్సన్ టీవీలు చేస్తుంది గానీ అది అసెంబ్లీ, స్పీకర్ పుట్టే చోటు కాదు. అందుకని అబ్బాయికి హిందీ మాట్లాడటం రావాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, షాప్‌ఫ్లోర్‌లో లైను మనుషులతో పని చేయించాలంటే ఇంగ్లిష్ అస్సలు సరిపోదు.

అయస్కాంతాల సంగతి కూడా అతని చెవిన వేయండి. చిన్న స్పీకర్లకి, ఇయర్‌బడ్స్‌కి, తేలికపాటి పీఏ స్పీకర్లకి వాడేది నియోడిమియం. 2025 ఏప్రిల్‌లో చైనా కొన్ని అరుదైన మూలకాల మీద, వాటితో చేసిన అయస్కాంతాల మీద ఎగుమతి ఆంక్షలు పెట్టడంతో మన ఆడియో కంపెనీలు ఇబ్బంది పడ్డాయి. దాంతో ఇక్కడే అయస్కాంతాలు చేయాలన్న పట్టుదల పెరిగింది. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని ఎన్ఎఫ్‌టీడీసీ అనే పరిశోధన సంస్థ నియోడిమియం అయస్కాంతాల టెక్నాలజీ మీద పనిచేస్తోంది. విశాఖలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ ప్లాంటు 2023లో మొదలైంది, అక్కడ చేసేది సమేరియం-కోబాల్ట్ రకం. మెటలర్జీ సీటు దొరికే ర్యాంకైతే దాన్ని కూడా ఆలోచించవచ్చు.

బీటెక్ తర్వాత పైచదువు మీద ఆసక్తి పుడితే, గేట్ రాసి బెంగళూరు ఐఐఎస్సీ వైపు చూడమనండి, అక్కడ మెకానికల్ విభాగంలో అకౌస్టిక్స్ పరిశోధన ఎప్పటినుంచో జరుగుతోంది. విదేశాల్లో ఇంగ్లండ్ సౌతాంప్టన్ యూనివర్సిటీ, డెన్మార్క్ టెక్నికల్ యూనివర్సిటీ అకౌస్టిక్స్‌కి పేరున్నవి. డెన్మార్క్ అంటే ఊరికే అనలేదు, స్కాన్‌స్పీక్, పీర్‌లెస్ లాంటి పాత స్పీకర్ కంపెనీలు పుట్టిన దేశం. అప్పుడు ఖర్చు గురించి మాట్లాడుకుందాం, ఇప్పుడు ఆ ఊసు అక్కర్లేదు.

మీ షాపు గురించి చెప్పకపోతే ఈ జవాబు పూర్తి కాదు. రీకోనింగ్, అంటే కాలిన స్పీకర్‌కి కాయిల్, కోన్ మార్చడం వచ్చిన కుర్రాడికి, పుస్తకంలో మాత్రమే స్పీకర్ చూసిన ఇంజనీర్ కంటే చాలా విషయాలు వేళ్ళకే తెలుసు. లేనిదల్లా రాసి పెట్టుకునే అలవాటు. నాలుగు లక్షల్లో చిన్న భాగంతో ఒక యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక కొలత మైకు కొనివ్వండి. ఆర్ఈడబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో, ఒక రెసిస్టర్ కలుపుకుని, స్పీకర్ ఇంపీడెన్స్ గ్రాఫు (ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర కరెంటుని ఎంత అడ్డుకుంటుందో చూపేది) ఇంట్లోనే తీయవచ్చు. దాన్నుంచి థీల్-స్మాల్ పారామీటర్లు వస్తాయి. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో మొదలుపెట్టి, రిచర్డ్ స్మాల్ 1970ల మొదట్లో విస్తరించిన లెక్కలవి. బాక్సు ఎంత సైజుండాలో అవే చెబుతాయి. మన ఊళ్ళలో బాక్సులు చాలావరకు పాత బాక్సు కొలతలు చూసి చేసేస్తున్నారు, అందుకే కొత్త స్పీకర్ పెట్టినా బేస్ రాదు. రిపేరుకొచ్చిన ప్రతి స్పీకర్‌కీ కోన్ మార్చకముందు, మార్చాక గ్రాఫులు తీసి, ఏ కంపెనీ కిట్టు వేశాడో, ఏ జిగురు వాడాడో, ఆ రోజు తేమ ఎలా ఉందో నోటుబుక్కులో రాయమనండి. మ్యాగ్నెట్ సందులో ఫీల్డు ఎలా ఉంటుందో చూడ్డానికి ఎఫ్ఈఎంఎం అనే ఉచిత ప్రోగ్రాం ఉంది, అది బీటెక్ రెండో ఏడాదిలో మొదలుపెట్టినా చాలు. ఇంటర్వ్యూలో మార్కుల మెమో పక్కన ఆ నోటుబుక్కు పెడితే, ఎదుటివాళ్ళు ముందు తెరిచేది నోటుబుక్కే.

వెబ్ ఆప్షన్లు పెట్టేముందు అబ్బాయిని వెంటబెట్టుకుని రెండు మూడు కాలేజీలకి వెళ్ళిరండి. ప్లేస్‌మెంట్ బ్రోచర్ అడగకండి. మెకానికల్ వర్క్‌షాపు తలుపులు తీయించి, లేత్ మెషీన్లు నిజంగా నడుస్తున్నాయా, వైబ్రేషన్ ల్యాబ్‌లో యాక్సిలరోమీటర్ ఉందా, స్టూడెంట్లు సాయంత్రం పూట ల్యాబ్ వాడుకోనిస్తారా అని అడగండి. మూడో ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పిన కాలేజీని లిస్టులో పైన పెట్టండి, అది ఊరికి కాస్త దూరమైనా సరే.