98 శాతం వచ్చినా బోల్తా ఎందుకు?

ప్రశ్న: వీడియోలో మనిషి చేసే చర్యను గుర్తించే మోడల్ కోసం, యూసీఎఫ్101 అనే చర్యల వీడియో డేటాసెట్‌లోని క్లిప్పులను కలగలిపి 80 శాతం ట్రైనింగ్‌కు, 20 శాతం టెస్టుకు విడగొట్టాను. టెస్టులో 98 శాతం కచ్చితత్వం వచ్చింది. నా ఫోన్ వీడియోలు ఇస్తే మోడల్ తడబడుతోంది. ఎందుకు?

జవాబు: చిక్కంతా విడగొట్టడంలోనే ఉంది. ఆ 13,320 క్లిప్పుల్లో ఒక్కో చర్యకు 25 గ్రూపులు. ఒక గ్రూపులోని 4 నుంచి 7 క్లిప్పుల్లో తరచూ అదే మనిషి, అదే గోడ. ఫైలు పేరు చివర జీ08_సీ01 అని ఉంటుంది చూడండి: జీ గ్రూపు, సీ క్లిప్పు. కలగలిపితే సీ01 ట్రైనింగ్‌లోకి, సీ02 టెస్టులోకి పోతాయి. మోడల్ కదలికను వదిలేసి గోడను బట్టీ పడుతుంది. ప్రశ్నపత్రం లీకైనట్టే!

డేటాతో వచ్చే మొదటి జాబితా వాడండి: 1–7 గ్రూపులు టెస్టుకు, 8–25 ట్రైనింగ్‌కు. మార్కులు తగ్గుతాయి, తగ్గాలి కూడా. తర్వాత ఒక్కో క్లిప్పుకు ఒకే ఫ్రేమ్ (కదలని ఒక్క బొమ్మ) ఇచ్చి చూడండి. అప్పటికీ మార్కుల్లో పెద్ద తేడా రాకపోతే మోడల్ ఇంకా నేపథ్యాన్నే చూస్తోంది.